క్యాంపస్ బయటి నుంచి యూనివర్సిటీ లైబ్రరీ ఈ-రిసోర్సులు చదవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తెల్లవారితే గడువు ముగుస్తుంది. కావలసిన పేపర్ దొరికింది, తీరా నొక్కితే డబ్బు కట్టమనే పేజీ వస్తోంది. లైబ్రరీ ఈ-రిసోర్సుల విభాగానికి వచ్చే మెయిళ్లలో చాలా వరకు ఇలాంటి రాత్రుల్లో రాసినవే. చాలాసార్లు ఆ పేపర్‌కు లైబ్రరీ అప్పటికే చందా కట్టి ఉంటుంది, అడ్డం ఉన్నది ఒక్క లాగిన్ మాత్రమే. ఆ విభాగంలో పనిచేస్తూ పదే పదే విన్న ప్రశ్నలనూ వాటికి ఇచ్చిన జవాబులనూ ఇక్కడ ఒకచోట పెట్టాను. బటన్ల పేర్లు, పేజీల రూపం ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటాయి. వెనక జరిగే పని మాత్రం దాదాపు అన్నిచోట్లా ఒకటే. అది తెలిస్తే సగం ఇబ్బందులు మీరే సరిచేసుకోగలరు.

క్యాంపస్‌లో ఏ పాస్‌వర్డూ అడగకుండా తెరుచుకున్న జర్నల్ ఇంటికి రాగానే డబ్బు ఎందుకు అడుగుతోంది?

పబ్లిషర్ సైట్‌కు మీరెవరో తెలియదు. మీరు ఏ ఐపీ అడ్రసు (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) నుంచి వచ్చారో మాత్రమే తెలుస్తుంది. చందా కట్టేటప్పుడు లైబ్రరీ తన యూనివర్సిటీ నెట్‌వర్కుకు చెందిన ఐపీ అడ్రసుల జాబితాను పబ్లిషర్‌కు ఇస్తుంది. ఆ అడ్రసుల నుంచి ఎవరు వచ్చినా సైట్ తలుపు తీస్తుంది. అందుకే క్యాంపస్ వైఫైలో ఉన్నంతసేపూ లాగిన్ అనే మాటే ఎదురుకాదు. ఇంట్లో మీకు ఉండేది బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ ఇచ్చిన అడ్రసు. అది జాబితాలో ఉండదు కాబట్టి మిమ్మల్ని బయటివారిగా లెక్కగట్టి ధర చూపిస్తుంది.

క్యాంపస్‌లో ఉండగానే ఇలా జరగడమూ మామూలే. రీడింగ్ రూములో కూర్చున్నా సరే, ఫోన్ వైఫై వదిలేసి మొబైల్ డేటాకు మారితే సైట్ లెక్కలో మీరు బయట ఉన్నట్టే. ముందు అది చూసుకోండి.

కాబట్టి బయటి నుంచి చదవాలంటే చేయవలసిన పని ఒక్కటే: మీరు ఫలానా యూనివర్సిటీ వారని ఆ సైట్‌కు తెలియజేయడం. అందుకు మూడు దారులున్నాయి. ప్రాక్సీ, సంస్థ లాగిన్, వీపీఎన్.

అసలు ఇంటి నుంచి చదివే హక్కు నాకు ఉందా?

ప్రస్తుతం చదువుతున్న విద్యార్థి, అధ్యాపకులు, ఉద్యోగి అయితే దాదాపు ఎప్పుడూ ఉంటుంది. లైసెన్సు ఒప్పందంలో వాడుకునే హక్కు ఎవరికో చెప్పే నిబంధన ఒకటి ఉంటుంది. అందులో ఉన్నవారు భవనంలో చదివినా, ప్రయాణంలో చదివినా తేడా లేదు. నిజానికి ఇలా అడిగేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఏదో దొంగచాటు పని చేస్తున్నామేమో అన్న బెరుకుతో కొందరు నెలల తరబడి లాగిన్ జోలికే వెళ్లరు. ఇది మీ కోసమే కొన్నది. వాడుకోండి.

మినహాయింపులు కొన్నే. లైబ్రరీకి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చునే బయటి సందర్శకులకు చాలా ఒప్పందాలు అనుమతి ఇస్తాయి, కానీ అది ఆ భవనం వరకే. న్యాయ, మార్కెట్ సమాచారపు డేటాబేసులు కొన్ని ఒక విభాగం వారికో, లైబ్రరీలోని ఫలానా కంప్యూటర్‌కో పరిమితమై ఉంటాయి. అలాంటివాటి పక్కన లైబ్రరీ జాబితాలో ఆ సంగతి రాసి ఉంటుంది.

ఏమీ తెలుసుకోకుండా పని జరిగే తేలిక దారి చెప్పండి.

లైబ్రరీ వెబ్‌సైట్ నుంచే మొదలుపెట్టండి. పేపర్ పేరు తెలిస్తే లైబ్రరీ సెర్చ్ పెట్టెలో వేయండి. డేటాబేస్ కావాలంటే అక్షరక్రమంలో ఉండే డేటాబేసుల జాబితా తెరవండి. అక్కడి లింకులన్నీ మిమ్మల్ని లాగిన్ పేజీ మీదుగా తీసుకెళ్లేలా ముందే కట్టి ఉంటాయి. యూనివర్సిటీ మెయిల్‌కు వాడే ఐడీ, పాస్‌వర్డే చాలాచోట్ల ఇక్కడా పనిచేస్తాయి. ఒకసారి లోపలికి వెళ్తే ఆ బ్రౌజర్ మూసేదాకా, లేదా కొన్ని గంటలపాటు, మళ్లీ అడగదు.

అదే పేపర్‌ను మామూలు సెర్చ్ ఇంజిన్‌లో వెతికి నేరుగా పబ్లిషర్ పేజీకి వెళ్తే మీరెవరో చెప్పే అవకాశమే ఆ సైట్‌కు ఇవ్వలేదన్నమాట. నాకు వచ్చే ఫిర్యాదుల్లో అన్నిటికంటే ఎక్కువ ఇవే.

అడ్రసు బార్‌లో పబ్లిషర్ పేరు తర్వాత మా యూనివర్సిటీ పేరు కూడా కనిపిస్తోంది. ఇది నకిలీ సైటా?

మంచి అనుమానమే, కానీ భయపడకండి. అది ప్రాక్సీ. మీరు లాగిన్ అయ్యాక లైబ్రరీ సర్వర్ ఒకటి మీ తరఫున పబ్లిషర్ సైట్‌కు వెళ్లి పేజీ తెచ్చి మీకిస్తుంది. ఆ సర్వర్ అడ్రసు చందా జాబితాలో ఉంటుంది కాబట్టి పబ్లిషర్ అభ్యంతరపెట్టదు. పేజీలోని లింకులన్నీ మళ్లీ తన మీదుగానే వెళ్లేలా ప్రాక్సీ వాటిని తిరగరాస్తుంది. అందుకే జేస్టోర్ అనే జర్నళ్ల డేటాబేస్ పేజీ తెరిస్తే అసలు పేరులోని చుక్కలు అడ్డగీతలుగా మారి, దాని వెనక మీ లైబ్రరీ ప్రాక్సీ పేరు అతికి కనిపిస్తుంది. అడ్రసులో https:// తర్వాత వచ్చే మొదటి / గుర్తుకు ముందున్న పేరు చివర మీ యూనివర్సిటీ సొంత డొమైనే ఉంటే మీరు సరైన చోటే ఉన్నారు. కొన్ని లైబ్రరీల ప్రాక్సీని ఓసీఎల్‌సీ అనే లైబ్రరీల సహకార సంస్థ నడుపుతుంది, అక్కడ చివర idm.oclc.org అని ఉంటుంది. ఈ రెండూ కాక మరేదైనా ఉంటే వెంటనే ఆగి లైబ్రరీని అడగండి.

ఎక్కువ లైబ్రరీలు వాడే ప్రాక్సీ పేరు ఈజీప్రాక్సీ. 1999లో క్రిస్ జాగర్ అనే లైబ్రేరియన్ తయారుచేశారు, 2008లో ఓసీఎల్‌సీ సంస్థ కొనుక్కుంది. పాఠకుడి కంప్యూటర్‌లో ఏ సెట్టింగూ మార్చనక్కర్లేకుండా లింకు ద్వారానే పని జరిగేలా చేయడం దాని గొప్పతనం. పాతికేళ్లు దాటినా ఇంకా నిలిచి ఉండడానికి అదే కారణమని నా నమ్మకం.

పబ్లిషర్ సైట్‌లో "మీ సంస్థ ద్వారా ప్రవేశించండి" అనే బటన్ ఉంది. అది నొక్కవచ్చా?

నిస్సందేహంగా. ఇది రెండో దారి. లైబ్రరీ సైట్‌కు వెళ్లడం మరిచిపోయి పబ్లిషర్ పేజీలో చిక్కుకున్నప్పుడు ఇదే మిమ్మల్ని గట్టెక్కిస్తుంది. బటన్ నొక్కితే యూనివర్సిటీ పేరు అడుగుతుంది. ఎంచుకుంటే మీ యూనివర్సిటీ లాగిన్ పేజీకే పంపుతుంది. పాస్‌వర్డ్ మీరు అక్కడే ఇస్తారు, పబ్లిషర్‌కు అది ఎప్పటికీ చేరదు. "ఈ వ్యక్తి మావారే" అనే ధ్రువీకరణ మాత్రమే యూనివర్సిటీ నుంచి పబ్లిషర్‌కు వెళ్తుంది. శామ్ల్ అనే ప్రమాణం మీద ఇది నడుస్తుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న దాని రెండో కూర్పు 2005లో వచ్చింది.

లాగిన్ పేజీలో షిబ్బొలెత్ అనో ఓపెన్ఏథెన్స్ అనో కనిపిస్తే అవి ఈ పని చేసే సాఫ్ట్‌వేర్ల పేర్లు. షిబ్బొలెత్ బైబిల్లోని మాట. నది దాటే రేవు దగ్గర కావలివారు వచ్చినవారి చేత ఆ మాట పలికించేవారని, సరిగ్గా పలకలేనివారిని శత్రువులుగా పట్టుకునేవారని న్యాయాధిపతుల గ్రంథంలో ఉంది. గుర్తింపు అడిగే సాఫ్ట్‌వేర్‌కు ఇంతకంటే తగిన పేరు దొరకదు.

జాబితాలో మీ యూనివర్సిటీ కనిపించకపోతే మూడు పనులు చేయండి. పొట్టి పేరు బదులు అధికారిక పూర్తి పేరు టైప్ చేయండి. దేశం లేదా ఫెడరేషన్ (ఉమ్మడి లాగిన్ ఏర్పాటున్న సంస్థల కూటమి) ఎంచుకోమని పైన పెట్టె ఉంటే దాన్ని సరిచూడండి. అయినా లేకపోతే ఆ పబ్లిషర్‌తో మీ లైబ్రరీ ఈ ఏర్పాటు చేసుకోలేదని అర్థం, ప్రాక్సీ దారిలో వెళ్లండి. ఒకసారి ఎంచుకున్న సంస్థ పేరును చాలా సైట్లు మీ బ్రౌజర్‌లోనే గుర్తుపెట్టుకుంటాయి. మరో పబ్లిషర్ దగ్గరకు వెళ్లినా బటన్ మీద మీ యూనివర్సిటీ పేరు ముందే కనిపించేది అందుకే. బ్రౌజర్ డేటా తుడిచేస్తే అదీ పోతుంది, మళ్లీ వెతుక్కోవాలి.

వీపీఎన్ ఉంటే ఇవేవీ అక్కర్లేదంటున్నారు, నిజమేనా?

యూనివర్సిటీ ఇచ్చే వీపీఎన్ అయితే చాలావరకు నిజం. అది మీ కంప్యూటర్‌ను క్యాంపస్ నెట్‌వర్కులోకి చేర్చినట్టు చేస్తుంది, కాబట్టి మీ అడ్రసు యూనివర్సిటీ అడ్రసుగా కనిపించాలి. "కనిపించాలి" అన్నది ఎందుకంటే కొన్ని యూనివర్సిటీలు వీపీఎన్‌ను రెండుగా చీల్చి నడుపుతాయి. లోపలి సర్వర్లకు వెళ్లే రద్దీ మాత్రమే వీపీఎన్ గుండా పోతుంది, మిగతా ఇంటర్నెట్ మీ ఇంటి కనెక్షన్ మీదే నడుస్తుంది. అప్పుడు వీపీఎన్ వెలుగుతూనే ఉంటుంది, జర్నల్ మాత్రం డబ్బు అడుగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో మొత్తం రద్దీని పంపే ప్రొఫైల్ వేరుగా ఉందేమో చూడండి, లేకపోతే ఐటీ విభాగాన్ని అడగండి.

డబ్బు కట్టి బయట కొనుక్కునే వీపీఎన్లు దీనికి పనికిరావు. పైగా అడ్డుపడతాయి. అవి ఇచ్చే అడ్రసు మీ యూనివర్సిటీది కాదు, ఒకే అడ్రసును వేలమంది పంచుకోవడం వల్ల కొన్ని సైట్లు దాన్ని అనుమానంగా చూసి ఆపేస్తాయి కూడా. ఐఫోన్, మ్యాక్‌లలోని ఐక్లౌడ్ ప్రైవేట్ రిలే కూడా మీ అసలు అడ్రసును దాచేస్తుంది. క్యాంపస్ వైఫైలోనే ఉన్నా సఫారీలో మాత్రం జర్నల్ తెరుచుకోకపోతే నేను మొదట చూసేది అదే.

మూడింటిలో మీరైతే ఏది వాడతారు?

రోజువారీ చదువుకు లైబ్రరీ లింకులు. పబ్లిషర్ పేజీలో నేరుగా దిగినప్పుడు సంస్థ లాగిన్. ఆ రెండూ పనిచేయని పాత డేటాబేసులకు, ప్రత్యేక సాఫ్ట్‌వేర్లకు వీపీఎన్. ఒకేసారి రెండు దారుల్లో వెళ్లకండి. వీపీఎన్ పెట్టుకుని ప్రాక్సీ లింకు నొక్కితే ఒక్కోసారి రెండూ ఒకదాన్నొకటి తికమక పెడతాయి.

పబ్లిషర్ సైట్‌లో నాకు అకౌంట్ ఉంది. లాగిన్ అయ్యాను కూడా. అయినా పేపర్ తెరవడం లేదు.

అది మీ వ్యక్తిగత అకౌంట్. సేవ్ చేసుకున్న వ్యాసాలు, కొత్త సంచిక వచ్చినప్పుడు వచ్చే మెయిళ్లు, పేపర్ సమర్పించడం లాంటి వాటికి పనికొస్తుంది. చందా సంస్థది కాబట్టి సంస్థ గుర్తింపు విడిగా ఇవ్వాలి. యూనివర్సిటీ మెయిల్‌తో అకౌంట్ తెరిచినంత మాత్రాన సరిపోదు.

గూగుల్ స్కాలర్‌లో వెతకడం అలవాటైపోయింది. దాన్ని వదులుకోవాలా?

అక్కర్లేదు. స్కాలర్ సెట్టింగుల్లోకి వెళ్లి లైబ్రరీ లింకులు అనే చోట మీ యూనివర్సిటీ పేరు వెతికి టిక్ పెట్టి సేవ్ చేయండి. ఐదు లైబ్రరీల వరకు ఎంచుకోవచ్చు. ఆ తర్వాత ఫలితాల పక్కన కుడివైపు మీ లైబ్రరీ పేరుతో లింకు వస్తుంది. నొక్కవలసింది దాన్ని. పెద్దక్షరాల్లో ఉండే పేపర్ శీర్షికను నొక్కితే నేరుగా పబ్లిషర్ దగ్గరకే వెళ్తారు, కథ మళ్లీ మొదటికొస్తుంది. వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్‌లో కూడా లైబ్రరీ సైట్ ఇచ్చిన ప్రత్యేక లింకు ద్వారా వెళ్తే మీ లైబ్రరీ బటన్ కనిపిస్తుంది, మామూలు అడ్రసు టైప్ చేస్తే కనిపించదు.

ఇంకో చిన్న సదుపాయం ఉంది, దాన్ని అందరికీ చూపించాలని నాకు ఆశ. చాలా లైబ్రరీలు ఒక బుక్‌మార్క్‌లెట్ ఇస్తాయి. దాన్ని మౌసుతో లాగి బ్రౌజర్ బుక్‌మార్కుల వరుసలో పడేయండి. డబ్బు అడుగుతున్న పేజీలో ఉన్నప్పుడు దాన్ని ఒక్కసారి నొక్కితే ఆ పేజీ అడ్రసుకు ముందు లైబ్రరీ ప్రాక్సీ అడ్రసు చేరి, లాగిన్ మీదుగా అదే పేజీ మళ్లీ తెరుచుకుంటుంది. రిఫరెన్సులు దాచుకునే జొటెరో సాఫ్ట్‌వేర్ వాడేవారికి ఇంకా సులువు. దాని బ్రౌజర్ కనెక్టర్ మీ ప్రాక్సీని ఒకసారి చూస్తే గుర్తుపెట్టుకుని, తర్వాత నుంచి ఆ సైట్లకు ప్రాక్సీ మీదుగానే తీసుకెళ్తుంది.

సరిగ్గా లాగిన్ అయ్యాను, పేజీ పైన మా యూనివర్సిటీ పేరు కూడా ఉంది. అయినా ఈ ఒక్క పేపర్ కొనమంటోంది!

పేజీ పైన పేరు కనిపించిందంటే గుర్తింపు అందినట్టే, ఇక లాగిన్‌ను తిట్టుకోనక్కర్లేదు. ఇప్పుడు ప్రశ్న వేరు: లైబ్రరీ ఈ పేపర్ కొన్నదా?

ఒక పబ్లిషర్ చందా ఉందంటే ఆ పబ్లిషర్ జర్నళ్లన్నీ ఉన్నాయని అర్థం కాదు. జర్నల్ ఉందంటే దాని అన్ని సంవత్సరాలూ ఉన్నాయని కూడా కాదు. చందా 1997 నుంచి మొదలైతే అంతకు ముందు సంపుటాలు పాత సంచికల పేరుతో విడిగా అమ్ముతారు. కొత్త సంచికల విషయంలో ఇంకో రకం అడ్డు ఉంటుంది. ఎబ్‌స్కో, ప్రోక్వెస్ట్ లాంటి చోట్ల పలు పబ్లిషర్ల జర్నళ్లు కలిపి ఇస్తారు, అక్కడ కొన్ని జర్నళ్ల తాజా సంచికలు నెలల తరబడి, కొన్నిసార్లు పన్నెండు నెలలకు పైగా ఆలస్యంగా చేరతాయి. జేస్టోర్‌లో దీన్ని కదిలే గోడ అంటారు. చాలా జర్నళ్లకు ఆ గోడ మూడు నుంచి ఐదేళ్ల దూరంలో ఉంటుంది, ప్రతి ఏడాదీ ఒక ఏడాది ముందుకు జరుగుతుంది. అంటే నిరుడు వచ్చిన వ్యాసం అక్కడ లేకపోవడం లోపం కాదు, ఒప్పందమే అలా ఉంది.

అందుకని ఒకచోట లేదంటే లైబ్రరీలో లేదని నిర్ణయానికి రాకండి. అదే జర్నల్ ఒక డేటాబేస్‌లో 2020 దాకా, మరో చోట 2015 నుంచి నేటి దాకా ఉండొచ్చు. లైబ్రరీ సైట్‌లో జర్నల్ పేరుతో వెతికితే ఏ వేదికలో ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఉందో వరుసగా చూపిస్తుంది. డేటాబేస్‌లలో "ఫుల్ టెక్స్ట్ వెతకండి" అన్నట్టుండే లైబ్రరీ బటన్ చేసేదీ ఇదే, మీ తరఫున అన్ని చోట్లా చూసి ఉన్నచోటికి పంపుతుంది. ఆ బటన్ అప్పుడప్పుడు పొరబడుతుంది. సంపుటం సంఖ్య తప్పుగా నమోదైతే ఖాళీ పేజీకి పంపుతుంది. అలాంటప్పుడు జర్నల్ పేజీకి వెళ్లి సంచికను చేత్తో వెతుక్కోవడమే మేలు.

ఈ సైట్‌కు ప్రాక్సీ అనుమతి లేదని ఏదో సందేశం వచ్చింది. నేనేం తప్పు చేశాను?

మీ తప్పేమీ లేదు. ప్రాక్సీ లైబ్రరీ ఇచ్చిన సైట్ల జాబితాకు మాత్రమే వెళ్తుంది. పబ్లిషర్ తన సైట్ పేరు మార్చినా, కొత్త సర్వర్ చేర్చినా మేం ఆ పేరు జాబితాలో ఎక్కించేదాకా ఈ సందేశం వస్తుంది. ఆ సందేశాన్ని ఉన్నదున్నట్టు మాకు పంపండి. సాధారణంగా సరిచేయడానికి పది నిమిషాలు చాలు, కానీ ఎవరో ఒకరు చెప్పేదాకా మాకు తెలియదు. ఒకరు రాస్తే తర్వాత వచ్చే వందమందికి ఆ ఇబ్బంది ఉండదు.

పాస్‌వర్డ్ ఇస్తే మళ్లీ లాగిన్ పేజీకే వస్తోంది. తిరిగి తిరిగి అక్కడికే.

ఎక్కువసార్లు కారణం కుకీలు. మీరు లాగిన్ అయిన సంగతిని బ్రౌజర్ కుకీ రూపంలో దాచుకోవాలి. దాచుకోనివ్వకపోతే ప్రతి అడుగులోనూ మీరు కొత్తవారే. ముందు ఒక ప్రైవేట్ విండోలో ప్రయత్నించండి. అక్కడ పనిచేస్తే పాత కుకీలు పాడయ్యాయన్నమాట, యూనివర్సిటీ, పబ్లిషర్ సైట్లవి మాత్రం తుడిచేయండి. బ్రౌజర్ మొత్తాన్నీ కడిగేయనక్కర్లేదు. ప్రకటనలను అడ్డుకునే ఎక్స్‌టెన్షన్లను కాసేపు ఆపి చూడండి.

లాగిన్ పేజీనే బుక్‌మార్క్ చేసుకోవడం ఇంకో కారణం. ఆ పేజీ అడ్రసులో ఆ క్షణానికి మాత్రమే చెల్లే వివరాలు ఉంటాయి. మర్నాడు అదే బుక్‌మార్క్ తెరిస్తే అభ్యర్థన పాతబడిందని తప్పు చూపిస్తుంది. బుక్‌మార్క్ పెట్టుకోవలసింది లైబ్రరీ పేజీని. కోడ్ ఇచ్చే యాప్ ఉన్న ఫోన్ గడియారం కొన్ని నిమిషాలు తప్పుగా ఉన్నా రెండో దశ కోడ్ (పాస్‌వర్డ్ తర్వాత అడిగేది) చెల్లకపోవచ్చు. వినడానికి వింతగా ఉన్నా ఇది నేను పలుమార్లు చూసిందే.

ఫోన్ మార్చాను, ధ్రువీకరణ కోడ్ రావడం లేదు. / వేరే దేశంలో ఉన్నాను, లాగిన్ ఆపేసింది.

రెండూ లైబ్రరీ చేతిలో లేనివి, యూనివర్సిటీ ఐటీ విభాగం సరిచేయాలి. పాత ఫోన్ తుడిచేయకముందే కొత్త ఫోన్‌ను నమోదు చేసుకోండి. ప్రయాణానికి ముందే నెట్‌వర్క్ లేకుండా పనిచేసే కోడ్ల యాప్‌నో, ముద్రించుకునే అత్యవసర కోడ్లనో సిద్ధం చేసుకోండి. ఎస్ఎంఎస్ మీద మాత్రమే ఆధారపడితే సిమ్ మారిన రోజే చిక్కుకుంటారు.

ఈ-బుక్ తెరిస్తే "మరొకరు వాడుతున్నారు" అంటోంది. డిజిటల్ పుస్తకానికి కూడా ఇదేమిటి?

కొన్ని ఈ-బుక్‌లను పబ్లిషర్లు ఒక సమయంలో ఒకరికే, లేదా ముగ్గురికే అనే లైసెన్సుతో అమ్ముతారు. ఎందరైనా చదివే లైసెన్సు ఎక్కువ ధరకు ఇస్తారు, కొన్ని పాఠ్యపుస్తకాలకు అసలు ఇవ్వరు. చదివాక ట్యాబ్ మూసేయడం, సైట్‌లో లాగౌట్ బటన్ ఉంటే నొక్కడం పక్కవారికి చేసే నిజమైన సాయం. తెరిచి వదిలేసిన ట్యాబ్ కొంతసేపటి దాకా ఆ పుస్తకాన్ని పట్టుకునే ఉంటుంది. పరీక్షల ముందు మాకు ఎదురయ్యే కొరతలో చాలా భాగం ఇలా వచ్చిందే. పుస్తకం తరచూ దొరక్కపోతే మాకు రాయండి. అదనపు ప్రతి కొనడానికి మీ ఫిర్యాదే మాకు బలమైన ఆధారం.

డౌన్‌లోడ్ చేసిన ఈ-బుక్ ఫైలు తెరుచుకోవడం లేదు. పీడీఎఫ్ కాదా అది?

ఫైలు పేరు చివర ఏసీఎస్ఎం అని ఉంటే అది పుస్తకం కాదు, పుస్తకాన్ని తెచ్చిపెట్టే చిట్టీ లాంటిది. అడోబ్ డిజిటల్ ఎడిషన్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని అందులో తెరవాలి. గడువు ముగిశాక పుస్తకం దానంతటదే మూసుకుపోతుంది. ఒకటి రెండు అధ్యాయాలే కావాలంటే సైట్‌లోనే అధ్యాయం వారీగా పీడీఎఫ్ తీసుకోవడం సులువు. దానికి పేజీల పరిమితి ఉన్నా గడువు సాధారణంగా ఉండదు.

ఒక జర్నల్ సంచికలన్నీ ఒక్క రోజులో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చా?

దయచేసి చేయకండి. పెద్దమొత్తంలో, వరుసగా దించుకోవడాన్ని దాదాపు ప్రతి ఒప్పందమూ నిషేధిస్తుంది. సాఫ్ట్‌వేర్‌తో చేసినా, చేత్తో చేసినా సరే. పబ్లిషర్ల సర్వర్లు దీన్ని కనిపెట్టి ఆ ఐపీ అడ్రసును ఆపేస్తాయి. ప్రాక్సీ మీదుగా వెళ్లినప్పుడు ఆగేది మీ ఒక్కరిది కాదు, ప్రాక్సీ వాడుతున్న వారందరిదీ. 2010 అక్టోబరులో ఇలాంటి భారీ డౌన్‌లోడ్ కారణంగా అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ మొత్తానికీ కొన్ని రోజులపాటు జేస్టోర్ ఆగిపోయింది. ఒక కంప్యూటర్ చేసిన పనికి ఊరంత క్యాంపస్ చదువు ఆగిందన్నమాట.

పరిశోధన కోసం వేల పేపర్లను కంప్యూటర్‌తో విశ్లేషించాలనుకుంటే అది వేరే సంగతి, దానికి సరైన మార్గం ఉంది. చాలా పబ్లిషర్లు ఇలాంటి విశ్లేషణ (టెక్స్ట్ మైనింగ్) కోసం ఏపీఐ, అంటే ప్రోగ్రాములు నేరుగా సమాచారం తీసుకునే దారి, ఇస్తారు. మొదలుపెట్టకముందే లైబ్రరీకి చెప్పండి, అనుమతి మేం మాట్లాడతాం. స్క్రిప్టు నడిపాక, అడ్రసు ఆగాక వచ్చి చెప్తే మా చేతుల్లో ఉండేది చాలా తక్కువ.

స్నేహితుడి యూనివర్సిటీలో ఈ చందా లేదు. నా పాస్‌వర్డ్ ఇవ్వనా?

వద్దు. ఆ పాస్‌వర్డ్ లైబ్రరీకి మాత్రమే కాదు, మీ మెయిల్‌కు, మార్కులకు, ఫీజుల పేజీకీ అదే. ఒక వ్యాసం చూపించాలంటే చట్టబద్ధమైన దారులు కింద చెప్తాను.

"మీ లైబ్రరీ అకౌంట్ గడువు ముగుస్తోంది, వెంటనే లాగిన్ అవ్వండి" అని మెయిల్ వచ్చింది. నమ్మవచ్చా?

నమ్మకండి. లైబ్రరీ లాగిన్ పేరుతో పాస్‌వర్డ్లు కాజేయడం పెద్ద ఎత్తున జరుగుతున్న నేరం. 2018 మార్చిలో అమెరికా న్యాయశాఖ తొమ్మిదిమంది ఇరానీయుల మీద అభియోగాలు మోపింది. అమెరికాలో 144 యూనివర్సిటీల మీద, బయట 21 దేశాల్లోని 176 యూనివర్సిటీల మీద వారు గురిపెట్టి, అధ్యాపకుల లాగిన్ వివరాలతో 30 టెరాబైట్లకు పైగా విద్యా సమాచారం తరలించారన్నది ఆరోపణ. అలాంటి ముఠాలు వాడే ఎర సరిగ్గా ఇలాంటి మెయిలే. దాంట్లోని లింకు అచ్చం లైబ్రరీ లాగిన్ పేజీలా ఉండే నకిలీ పేజీకి వెళ్తుంది.

మెయిల్‌లోని లింకు నొక్కకుండా లైబ్రరీ సైట్‌ను మీరే టైప్ చేసి తెరవండి. అక్కడ లాగిన్ పనిచేస్తే మెయిల్ అబద్ధం. ఇప్పటికే వివరాలు ఇచ్చేసి ఉంటే సిగ్గుపడకుండా పాస్‌వర్డ్ మార్చి, ఐటీ విభాగానికి ఆ గంటలోనే చెప్పండి. పండిన ప్రొఫెసర్లు కూడా మోసపోయిన మెయిళ్లు ఇవి.

నేను ఏం చదువుతున్నానో ఎవరికైనా తెలుస్తుందా?

అడగవలసిన ప్రశ్న, చాలా తక్కువమంది అడుగుతారు. ప్రాక్సీ లాగ్‌లో ఎవరు, ఎప్పుడు, ఏ అడ్రసుకు వెళ్లారన్నది కొంతకాలం ఉంటుంది. దుర్వినియోగం జరిగితే తేల్చడానికి అది అవసరం. ఎంతకాలం ఉంచుతారో మీ లైబ్రరీ విధానంలో ఉంటుంది, అడిగి తెలుసుకునే హక్కు మీకుంది. సంస్థ లాగిన్‌లో పబ్లిషర్‌కు సాధారణంగా మీ పేరు వెళ్లదు, మీకు బదులుగా ఒక గూఢ సంఖ్య, మీరు విద్యార్థా ఉద్యోగా అన్నది వెళ్తాయి. చందా విలువ లెక్కకట్టడానికి మేం చూసే కౌంటర్ నివేదికల్లో (వాడకం లెక్కలకు పబ్లిషర్లు పాటించే ప్రమాణం పేరు కౌంటర్) ఏ పుస్తకం ఎన్నిసార్లు తెరిచారన్న అంకెలే ఉంటాయి. కానీ పబ్లిషర్ సైట్‌లో వ్యక్తిగత అకౌంట్‌తో కూడా లాగిన్ అయితే మీ చదువు మొత్తం మీ పేరుకు ముడిపడుతుంది. సున్నితమైన విషయం మీద చదువుతున్నప్పుడు ఆ అకౌంట్ నుంచి బయటికి రండి.

క్లాసు గ్రూపులో లింకు పెడితే ఎవరికీ తెరుచుకోలేదు.

అడ్రసు బార్ నుంచి కాపీ చేసిన లింకు మీ సెషన్‌ది, మీరు బయటికి రాగానే చచ్చిపోతుంది. పేజీలో శాశ్వత లింకు లేదా పర్మాలింక్ అని ఉండేదాన్ని తీసుకోండి, లేదా పదితో మొదలయ్యే డీఓఐని (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) https://doi.org/ తర్వాత చేర్చి వాడండి. దానికి ముందు మీ లైబ్రరీ ప్రాక్సీ అడ్రసు చేరిస్తే సహపాఠులందరికీ తెరుచుకుంటుంది. పీడీఎఫ్ పంచడం కంటే లింకు పంచడం మంచిది. హక్కుల చిక్కు ఉండదు, ప్రతి చదువూ లెక్కలోకి వచ్చి వచ్చే ఏడాది ఆ చందా నిలబడటానికి పనికొస్తుంది.

స్క్రీన్ రీడర్ వాడతాను. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు చదవడం లేదు.

పాత సంచికలు చాలావరకు పేజీల బొమ్మలే, వాటిలో అక్షరాల పొర లేకపోతే స్క్రీన్ రీడర్‌కు ఏమీ దొరకదు. వ్యాసం హెచ్‌టీఎంఎల్ రూపంలోనో, పుస్తకం ఈపబ్ రూపంలోనో ఉంటే ముందు అది తీసుకోండి. లేకపోతే లైబ్రరీని అడగండి. అడగడం మొహమాటపడవలసిన విషయం కాదు. 2013లో కుదిరి 2016లో అమల్లోకి వచ్చిన మరాకేష్ ఒప్పందం చూపు ఇబ్బంది ఉన్న పాఠకుల కోసం అందుబాటు రూపంలో ప్రతులు తయారుచేయడానికి, దేశాల మధ్య పంచుకోవడానికి దారి తీసింది. కొంత సమయం పడుతుంది కాబట్టి సెమిస్టరు మొదట్లోనే చదవవలసిన జాబితా ఇవ్వండి.

చదువు పూర్తయ్యాక?

పట్టా వచ్చాక కొద్ది రోజుల్లోనో కొన్ని నెలల్లోనో లాగిన్ ఆగిపోతుంది. కొన్ని లైబ్రరీలు పూర్వ విద్యార్థుల కోసం కొన్ని డేటాబేసులు విడిగా కొంటాయి, కానీ పూర్తి సేకరణ మాత్రం రాదు. మీ నోట్సు, రిఫరెన్సులు యూనివర్సిటీ క్లౌడ్‌లో ఉంటే ముందే బయటికి తీసుకోండి. లైబ్రరీ సందర్శకులను అనుమతిస్తే అక్కడికి వచ్చి చదువుకునే దారి ఆ తర్వాత కూడా తెరిచే ఉంటుంది.

మా లైబ్రరీలో నిజంగానే లేదు. ఇక కొనుక్కోవలసిందేనా?

ఇంకా కాదు. అన్‌పేవాల్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. రచయిత చట్టబద్ధంగా ఉచితంగా పెట్టిన ప్రతి ఎక్కడైనా ఉంటే పేజీ పక్కన తాళం గుర్తు పచ్చగా చూపిస్తుంది. వైద్యానికి పబ్‌మెడ్ సెంట్రల్, భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటర్ సైన్సుకు 1991 నుంచి నడుస్తున్న ఆర్కైవ్ (arXiv) అనే సైట్ ఉన్నాయి. రచయితకు రెండు వాక్యాల మెయిల్ రాయండి. తమ పేపర్ చదవాలని ఎవరో అడిగితే సంతోషించని పరిశోధకులను నేను పెద్దగా చూడలేదు. మీ స్నేహితుడికీ ఇవే దారులు.

అవేవీ ఫలించకపోతే లైబ్రరీల మధ్య అరువు సేవకు దరఖాస్తు పెట్టండి. వేరే లైబ్రరీ నుంచి ఆ వ్యాసం స్కాన్ మీ మెయిల్‌కే వస్తుంది, చాలాచోట్ల మీకు ఖర్చు ఉండదు. వ్యాసమైతే ఒకటి రెండు రోజుల్లో వచ్చేస్తుండటం చూశాను. ఒక విద్యార్థిని తన థీసిస్ కోసం సొంత డబ్బుతో పేపర్లు ఒక్కొక్కటిగా కొంటూ పోయి, చివర్లో మాకు చెప్పింది. వాటిలో ఒక్కటి తప్ప అన్నీ మా చందాలో ఉన్నవే. ఆ రోజు నుంచి ఈ మాట ప్రతి తరగతిలో చెప్తున్నాను: కార్డు తీసే ముందు మాకొక మెయిల్ రాయండి.

ఏం రాయాలి ఆ మెయిల్‌లో?

"తెరవడం లేదు" అని మాత్రమే రాస్తే ఇద్దరం మూడు మెయిళ్లు వృథా చేస్తాం. పేపర్ శీర్షిక లేదా డీఓఐ, మీరు మొదట నొక్కిన లింకు ఏ పేజీలోది, ఆగిపోయిన పేజీ పూర్తి అడ్రసు, తప్పు సందేశం స్క్రీన్‌షాట్, సమయం, బ్రౌజర్ పేరు, వీపీఎన్ వేసి ఉందో లేదో రాయండి. స్క్రీన్‌షాట్‌లో అడ్రసు బార్ కనిపించేలా చూడండి, చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది. పాస్‌వర్డ్ మాత్రం రాయకండి, మేం ఎప్పుడూ అడగం. గడువు ఎప్పుడో కూడా రాస్తే మీ పేపర్‌ను ముందు చూస్తాం.